ఈశాన్యం నుంచి నడిచిన మంట

శ్రావణ శుక్రవారం పొద్దున పదిన్నరకు ఆళ్లగడ్డ గోడౌన్‌లో లేచిన మంట ఏడు నిమిషాల్లో ఆరిపోయింది. దాని వెనకే లేచిన నింద మాత్రం మంగళవారం వచ్చినా ఆరలేదు. మంటకు బక్కెట్టెడు ఇసుక చాలు. నింద మీద ఇసుక చల్లితే చూసేవాళ్ల కళ్లలో పడుతుంది.

గోడౌన్ కేశవులు శెట్టిది. నంద్యాలలో రంగుల దుకాణం అసలు, ఆళ్లగడ్డలో గోడౌన్ కొసరు. పేరు నిండా కేశాలున్నా తల మీద ఒక్కటీ లేని మనిషి. "ఇంత రంగుల వ్యాపారంలో నెరవకుండా నిలిచింది నా తలొక్కటే" అని తనే గొప్పలు పోతాడు. నెరవడానికి అక్కడేమన్నా ఉంటే కదా!

ఆయన దగ్గర ఇరవై రెండేళ్లుగా పెద్ద డ్రమ్ములోంచి చిన్న డబ్బాల్లోకి, రంగును పలచన చేసే థిన్నర్ పోసేవాడు డేనియల్. శుక్రవారం అతను పోస్తూ ఉండగానే మంట లేచింది. పరిగెత్తి ఉంటే ఒళ్లు దక్కేది, గోడౌన్ పోయేది. డేనియల్ పరిగెత్తలేదు. కాలుతున్న చేత్తోనే డ్రమ్ము కుళాయి కట్టేసి, ఇసుక బక్కెట్లు రెండూ కుమ్మరించి, అప్పుడు బయటికొచ్చి మెట్టు మీద కూలబడ్డాడు. కుడిచేయి మోచేతి దాకా కాలింది. ఆస్పత్రిలో చేతికి కట్టు పడి వచ్చేసరికి, ఆ చేతికి పని లేకుండా పోయింది. ఎందుకంటే ఈలోపల అతని చొక్కా జేబులో బీడీకట్ట దొరికింది. కట్ట దొరికాక కథ కట్టడం ఎంతసేపు?

శెట్టిది తల బోడి గానీ గొంతు బోడి కాదు. టీ అంగడి ముందు నిలబడి, "నా ఉప్పు తిని నాకే నిప్పు పెట్టినాడు" అని అరిచాడు. ఉప్పుకూ నిప్పుకూ ప్రాస కుదిరింది కాబట్టి ఆళ్లగడ్డ నమ్మేసింది. మన ఊళ్లలో ప్రాస కుదిరాక సాక్ష్యం ఎవడు అడుగుతాడు?

ఇక ఈ మంగళవారం మధ్యాహ్నం పన్నెండింటికి, ఆ అరుపునే కాగితం మీద పెట్టి పోలీస్ స్టేషన్లో ఇవ్వడానికి శెట్టి ముహూర్తం పెట్టుకున్నాడు. 'డేనియల్ అజాగ్రత్తగా బీడీ తాగినందువల్ల' అని మొదలయ్యే ఫిర్యాదు జేబులో నాలుగు మడతలై ఉంది. ఆ మడత విప్పితే డేనియల్ బతుకు మడతపడుతుంది. కేసు పడ్డ మనిషికి నంద్యాల నుంచి బనగానపల్లె దాకా ఏ దుకాణమూ తాళంచెవి ఇవ్వదు.

పన్నెండుకు ఇంకా గంట ఉందనగా, కోడలు మాధురి గోడౌన్ ముందు అడ్డం నిలబడింది.

మాధురి మూడేళ్లు నంద్యాల జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి, శెట్టి కొడుకు శ్రీహరిని చేసుకున్నాక దుకాణంలో బిల్లులు రాస్తోంది. కెమిస్ట్రీ వదిలి అత్తింటి హిస్టరీలోకి వచ్చిందని భర్త వేళాకోళం. అత్త మహానందమ్మను కూడా నంద్యాల నుంచి కారులో వెంటబెట్టుకొచ్చింది. డేనియల్‌కూ కబురు పెట్టింది. అతను చేతిని మెడకు వేలాడేసుకుని, ఇన్నేళ్లూ నడిచి లోపలికెళ్లిన గోడౌన్‌కు బయట, మెట్టు మీద కూర్చున్నాడు.

"పది నిమిషాలే మామా" అంది మాధురి. "పదకొండో నిమిషానికి మీరు యాడికన్నా పోండి, నేను అడ్డం రాను."

"ఏం చూపిస్తావమ్మా పది నిమిషాల్లో? బీడీ చూసినంక ఇంగేం చూడాల?"

"బీడీ కాదు మామా. ఆవిరి చూపిస్తా."

"ఆవిరి చూసేకి ఇడ్లీ అంగడికి పోదాం పా. ఈడికెందుకు తెచ్చినావు మీ అత్తను?"

"పోనీలే, చూద్దాం ఉండు" అంది మహానందమ్మ, కారు దిగి కొంగు దోపుకుంటూ. "ముప్పై ఎనిమిదేండ్లు నువ్వు చెప్పింది విన్నా. పది నిమిషాలు అది చెప్పింది ఇనేకి ఏం పోయె?"

మాధురి గోడౌన్ తలుపు మూయించి, అందరినీ రోడ్డవతలి ఖాళీ జాగాలోకి తీసుకుపోయింది. అక్కడ ముందే సరంజామా సిద్ధం చేసి పెట్టుకుంది. వాననీళ్లు పోవడానికి చూరుకు కొట్టే రేకు కాలువ, ఆరడుగులది, తమ దుకాణం సరుకే. ఒక కొస నాలుగు ఇటుకల మీద, రెండో కొస నేల మీద. నేల మీది కొసలో మట్టి ప్రమిద, అందులో వెలుగుతున్న ఒత్తి. పక్కన ఇసుక బక్కెట్టు, తడిపిన గోనెసంచి.

"ఇది జారుడుబండ మాదిరి ఉండాదే" అన్నాడు శెట్టి. "ఎవురు జారుతారు?"

"చూస్తాండండి. మీరు ఈ గీత దాటి ముందుకు రావద్దు."

చిన్న గుడ్డను రెండు చెంచాల థిన్నర్‌తో తడిపి, పొడుగాటి కట్టె కొసన తగిలించి, కాలువ పైకొసలో వేసి, మాధురి వెనక్కి వచ్చేసింది. గుడ్డ అక్కడ. దీపం ఇక్కడ. మధ్యలో ఆరడుగుల ఖాళీ రేకు.

ఏమీ కాలేదు.

"అయిందా?" అన్నాడు శెట్టి. "గుడ్డకు తలంటు పోసినావు, సరే. దీపం దోవ దీపం చూసుకుంటాంది, గుడ్డ దోవ గుడ్డ చూసుకుంటాంది. కాపురం కుదరల్యా. నేను పోతాండా, నాకు స్టేషన్లో..."

మాట పూర్తికాలేదు. ప్రమిదలో ఒత్తి ఒక్కసారి మెడ చాచింది. నీలంగా, సన్నగా, రేకు అడుగును నాకుతూ ఏదో ఒకటి పైకి పాకింది. అది మెరుపా మంటా అని తేల్చుకునేలోపే పైకొసలో గుడ్డ 'భగ్గు'మంది. మహానందమ్మ "నరసింహా!" అంది. మాధురి గబగబా పోయి తడి గోనె కప్పింది. పొగ.

కేశవులు శెట్టి గొంతుకు పుట్టి బుద్ధెరిగాక మొదటి సెలవు.

"మామా, దీపం కదిలిందా?" అడిగింది మాధురి.

"ల్యా."

"గుడ్డ కదిలిందా?"

"ల్యా."

"మరి ఎవరు నడిచినారు?"

శెట్టి గుడ్డ వైపు చూశాడు, దీపం వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరూ ఒప్పుకునేలా లేరు.

"థిన్నర్ కాలదు మామా. దాని మీంచి లేచే ఆవిరే కాలేది. మనం ఇంట్లో పొయ్యి మీద చూసే ఆవిరి పైకి పోతాది. ఇది పోదు. గాలికన్నా బరువు. నేల పట్టుకోని, పల్లం యాడుంటే ఆడికి నీళ్ల మాదిరి పారతాది. కంటికి కనపడదు. పోయినంత దూరం పోయి, యాడన్నా నిప్పు తగిలితే చాలు, వచ్చిన దోవనే మంటై ఎనక్కి పరిగెత్తి ఇంటికొస్తాది."

థిన్నర్ పేరులోనే తిన్నగా ఉండమని ఉంది గానీ, తిన్నగా ఉండే రకం కాదన్నమాట!

శెట్టి కాసేపు బుర్ర నిమురుకున్నాడు. ఆ బుర్ర మీద వెంట్రుకలు లేకపోవచ్చు, లోపల వ్యాపారం ఉంది. ఓడిపోయిన బేరాన్ని కూడా లాభానికి అమ్మగలడు. ఉన్నట్టుండి ముఖం వెలిగింది.

"అదే కదమ్మా నేను నాలుగు దినాల్నుంచి మొత్తుకునేది! ఆవిరి పోయి బీడీని తగులుకునింది! ఒప్పుకుంటాండా, నీ కెమిస్ట్రీ నూటికి నూరు!" కాగితమున్న జేబు తట్టుకుని రెండడుగులు వేశాడు.

"ఇంగా ఐదు నిమిషాలుండాయి" అంది మాధురి. "లోపలికి రాండి. డేనియలన్నా, నువ్వూ రా."

"నన్ను రావద్దని చెప్పినాడు కదమ్మా శెట్టి" అన్నాడు డేనియల్ లేవకుండా.

"నేను రమ్మంటాండా" అంది మహానందమ్మ. ఆ ఇంట్లో అప్పీలు చేసుకోవడానికి అంతకన్నా పై కోర్టు లేదు. డేనియల్ లేచాడు.

లోపల ఇంకా మసి వాసన. థిన్నర్ డ్రమ్ము నిలబెట్టే బల్ల నైరుతి మూలన. తలుపు ఈశాన్యంలో. తలుపు పక్కనే, నేల మీద చిన్న పీట, పీట మీద లక్ష్మీదేవి పటం, పటం ముందు దీపం కుంది. బల్లకూ కుందికీ మధ్య ఇరవై అడుగులు తక్కువ ఉండదు. ఆ దూరమే శెట్టి ధైర్యం.

"దీపం మీద అనుమానం పెడతాండావేమో" అన్నాడు ముందు జాగ్రత్తగా. "అదియాడ, ఇదియాడ. మా నాయన కాలం నుంచీ దీపం పెట్టకుండా బోణీ చేసింది ల్యా."

మాధురి చెంబెడు నీళ్లు తెచ్చి, డ్రమ్ము బల్ల కింద నిదానంగా వంచింది.

నీళ్లు ఒక్క క్షణం ఆలోచించాయి. తర్వాత దోవ తెలిసిన వాళ్లలా బయల్దేరాయి. పెయింట్ డబ్బాల వరసల మధ్యగా, ఎటూ చెదరకుండా, సన్నటి జడలా సాగి, తిన్నగా ఈశాన్యానికి పోయి, లక్ష్మీదేవి పీట కింద మడుగు కట్టాయి.

అందరూ ఆ మడుగును చూశారు. పీట కాలు ఒకటి మాడి నల్లగా ఉంది.

"ఈ నేల ఎప్పుడు వేయించినారు మామా?"

"పోయినేడు."

"మేస్త్రీ ఏమన్నాడు?"

శెట్టి నీళ్లు నమిలాడు. చెంబులో నీళ్లు కింద పారుతుంటే నోట్లో నీళ్లు నమలడం ఆయనకే చెల్లింది. "నట్టనడుమకు వాటం పెట్టి తూము వేస్తానన్యాడు."

"మీరేమన్నారు?"

"ఈశాన్యం పల్లముంటే లక్ష్మి నడిచి లోపలికొస్తాదని... వాస్తు..."

"నడిచింది మామా. లక్ష్మి లోపలికి రాలేదు గానీ థిన్నర్ బయటికి నడిచింది. మీరే దోవ వేసినారు." మాధురి గొంతులో వెటకారం లేదు, పాఠం చెప్పే గొంతు. "ఇన్నాళ్లూ ఎందుకు అంటుకోలేదంటారా? రోజూ మీరు పెట్టేది చిన్న ఒత్తి. తొమ్మిదిన్నరకు కొండెక్కుతాది. డేనియలన్న పదికి గానీ పోయడం మొదలుపెట్టడు. శుక్రవారం ఏమైంది?"

మహానందమ్మ మెల్లగా అంది. "శ్రావణ శుక్రవారమని, మధ్యాన్నం దాకా వెలగాలని నేనే చెప్తి ఫోన్లో."

"నూనె నిండుగా పోసింది నేను" అన్నాడు శెట్టి. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందంటే ఆయనకే నమ్మకం కుదరలేదు.

"వెనక కిటికీ?"

ఆ కిటికీకి చెక్క కొట్టేసి ఉంది. పక్కన శిల్పాల షెడ్లలో రాళ్లు కోసే మిషన్ల దుమ్ము వచ్చి రంగుల్లో పడుతుందని మూడు నెలల కిందట శెట్టి కొట్టించిన చెక్క. ఊరంతా రాతిలో దేవుళ్లను చెక్కుతుంటే ఈయన చెక్కతో గాలి నోరు మూశాడు. ఆవిరి పోవడానికి తలుపు దోవ ఒక్కటే మిగిలింది. తలుపు పక్కన దీపం కాపలా కూర్చుంది.

"ఇంగొక్కటి. బీడీకట్ట యాడ దొరికింది మామా?"

"చొక్కాలో."

"చొక్కా యాడుండాది?"

"బయట, మేకుకు."

"బయటెందుకు పెట్టినాడు?"

"బీడీ, అగ్గిపెట్టె ఉండే చొక్కా గడప దాటి లోపలికి రాకూడదని నేనే రూలు పెడ్తి." శెట్టి గొంతు ఒక్కో మాటకూ ఒక్కో మెట్టు దిగుతోంది.

"అగ్గిపెట్టె బయట చొక్కాలో ఉంటే బీడీ దేంతో అంటించుకున్యాడు? మీ దీపంతోనా?"

మాధురి డేనియల్ వైపు తిరిగింది.

"అన్నా, ఆ పొద్దు నువ్వు ముందు ఏం చూసినావు?"

డేనియల్ నేల వైపు చూశాడు. "చూడల్యామ్మా. కాళ్లకు తెలిసింది. నేను తలుపుకు వీపు పెట్టి పోస్తాంటి. ఎనకనుంచి, నేలబారున, నీలంగా పాము మాదిరి వచ్చింది. నా కాళ్ల కిందుగా పోయి డ్రమ్ము కాడ లేచింది."

"ఎనకనుంచి వచ్చిందని నాలుగు దినాల్నుంచి నాకెందుకు చెప్పల్యా రా?" శెట్టి గొంతు మళ్లీ లేచింది. ఈసారి అందులో కోపం కాదు, ఇంకేదో ఉంది.

"ఏమని చెప్పాల శెట్టీ? మీ అమ్మోరి దీపం నుంచి మంట వచ్చిందని డేనియల్ అన్యాడంటే, వినేవాడు మంట మాట మర్సిపోతాడు. డేనియల్ మాటనే పట్టుకుంటాడు. ఊర్లో దానికి ఎన్ని తోకలు మొలుస్తాయో నీకు తెల్దా? చెయ్యి ఎట్లాగూ కాలింది. ఇంగ ఊరు కూడా ఎందుకు కాలాలని ఊరుకుంటి."

పీట కింద మడుగులో లక్ష్మీదేవి పటం తలకిందులుగా కదులుతోంది.

మహానందమ్మ ముందుకొచ్చింది. కుందిని ఎత్తి చేతిలోకి తీసుకుంది. "దీపం ఈడే పెట్టమని లక్ష్మీదేవి ఎప్పుడన్నా చెప్పిందా? నువ్వు చెప్పినావు. ఇంగ నంద్యాల అంగట్లో పెడతాం, రంగులకు దూరంగా. ఆమెకూ మంచి గాలొస్తాది." మొగుడి వైపు తిరిగింది. "నీ జేబులో కాగితం తియ్యి."

కాగితం తీశాడు. నాలుగు మడతలూ విప్పకుండానే చింపబోయాడు.

"చించొద్దు శెట్టీ" అన్నాడు డేనియల్.

అందరూ తిరిగి చూశారు. డేనియల్ మొదటిసారి తల ఎత్తి మాట్లాడుతున్నాడు.

"ఆ కాగితం ఇంగా ఎవురూ చదవల్యా. చించినా ఎవురికీ తెల్దు. నువ్వు అరిచింది మాత్రం ఊరంతా ఇనింది. యాడ అరిస్తివో ఆడికే పోయి అరువు. అంతే గొంతుతో. తక్కువ చేస్తే ఒప్పుకోను."

శెట్టి ముఖం ఎర్రబడింది. రంగుల వ్యాపారి గనక ఎరుపులో ఎన్ని రకాలున్నాయో అన్నీ చూపించాడు. కోడలిని చూశాడు, ఆమె పీట కాలి మీది మసి తుడుస్తోంది. భార్యను చూశాడు, అక్కడ అప్పీలు కొట్టేసి చాలాసేపయింది. ఆఖరికి పంచె ఎగ్గట్టి, రోడ్డు దాటి, టీ అంగడి బల్ల ఎక్కాడు.

"ఇనండప్పా! శుక్రవారం మంట డేనియల్ బీడీ వల్ల లేయల్యా! నేను పెట్టిన దీపం వల్ల, నేను వేయించిన నేల వల్ల, నేను మూసిన కిటికీ వల్ల లేచింది! వాడు చెయ్యి కాల్చుకోని నా గోడౌన్ మిగిలించినాడు! నేను నోరు పారేసుకుంటి!"

అవతల శిల్పాల షెడ్డులో మిషన్లు ఆగాయి. టీ తాగుతున్న ముసలాయన ఒకడు గ్లాసు దించకుండానే అడిగాడు. "అట్లయితే శెట్టీ, ఉప్పు తినింది ఎవురు, నిప్పు పెట్టింది ఎవురు?"

"రెండూ నేనే అప్పా!" అని గట్టిగా అరిచాడు శెట్టి. జనం నవ్వారు. డేనియల్ నవ్వలేదు గానీ, గడప కాడ నిలబడి విన్నవాడల్లా లోపలికి పోయి, ఎడమచేత్తో వెనక కిటికీ చెక్క పట్టి గుంజాడు. రెండు గుంజుళ్లకు ఊడొచ్చింది. నాలుగు రోజుల మసి వాసన అటుగా బయటికి పోయింది.

బల్ల దిగి వచ్చిన శెట్టి ఒళ్లు తేలికైనవాడిలా ఉన్నాడు. తప్పు ఒప్పుకున్న మనిషికి ఒక్కోసారి గెలిచిన దానికన్నా ఎక్కువ హుషారొస్తుంది.

"ఒకటి మాత్రం నీకు చెప్పాలమ్మా" అన్నాడు కోడలితో. "మీ మామకు జాగ్రత్త లేదనుకోవద్దు. ఈ పొద్దు నువ్వు వచ్చేలోపలే ప్రమాదమంతా ఊరు దాటించినా. గోడవారన ఖాళీ డ్రమ్ములు ఐదుండె కదా, మళ్లీ ఈడ మంట లేస్తే ఎట్లని శ్రీహరికి చెప్పి ట్రాక్టర్లో ఎత్తించినా. శిరివెళ్లకు."

మాధురి చేతిలో మసిగుడ్డ ఆగింది. "శిరివెళ్లలో ఎవరికి?"

"వెల్డింగ్ డేవిడ్‌కు. గ్యాస్ కట్టర్‌తో పైమూతలు కోయించి, గొడ్లకు నీళ్ల తొట్లు చేస్తే..."

"గ్యాస్ కట్టర్‌తోనా!"

"ఖాళీవి కదమ్మా! నిండు డ్రమ్ములకు నువ్వు భయపడినా అర్థముండాది."

"నిండు దాంట్లో గాలికి చోటుండదు మామా! ఖాళీ దాంట్లో అడుగున లోటాడు మిగిలినా చాలు, డ్రమ్మంతా ఆవిరీ గాలీ కలిసి కూర్చోని ఉంటాయి. దానికి బయటి నుంచి మంట పెడితే అది డ్రమ్ము కాదు, బాంబు!"

ఖాళీ డబ్బాకే మోతెక్కువ అని మనం వెయ్యిసార్లు నవ్వుతూ అన్న మాటే. ఆ క్షణాన గోడౌన్‌లో ఎవరికీ నవ్వు రాలేదు.

మాధురి శ్రీహరి నంబరు నొక్కింది. ఫోన్ మోగింది. చాలా దగ్గరగా మోగింది. గోడౌన్ బల్ల మీద, బిల్లుపుస్తకం కింద, శ్రీహరి మర్చిపోయి వెళ్లిన ఫోన్ వణుకుతూ మోగుతోంది.

శెట్టి డేవిడ్ నంబరు వెతికి, నొక్కి, స్పీకర్ పెట్టాడు. అవతల ఎత్తారు. బుస్సుమని గ్యాస్ మంట చప్పుడు.

"చెప్పు శెట్టీ! నీ కొడుకు నా పక్కనే ఉండాడు, డ్రమ్ములు పట్టుకుంటాండాడు. రెండు మూతలు లేపినా, వెన్న కోసినట్టు వచ్చినాయి!"

"డేవిడూ, ఆపు! మంట ఆపు! కోయొద్దు!"

"ఏందీ? గ్యాస్ మోతలో ఏం వినపడదు శెట్టీ. మూడోది బేగా కోసేసి నేనే ఫోన్ చేస్తా."

ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే మోగుతూనే ఉంది, ఎత్తేవాడు లేడు.

"అన్నా" అంది మాధురి. "గోడవారన డ్రమ్ములు వరసగా పెట్టింది నువ్వే కదా. ముందు రెండూ ఏవి?"

"గోడ ప్రైమర్వి. నీళ్లు కలిపే సరుకు. వాటికేం కాదమ్మా."

"మూడోది?"

"థిన్నర్‌ది!" అంటూనే డేనియల్ గడప దాటాడు. కట్టు కట్టిన చేత్తోనే వాకిట్లోని స్కూటర్ స్టాండు తీశాడు.